సైన్ బోర్డుల పనికి సీఎన్‌సీ రౌటర్ నేర్చుకుంటున్నా, అక్రిలిక్ కరిగి అతుక్కుపోతోంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి

కొత్తరౌటర్
అందరికీ నమస్తే అండీ. నేను ఇన్నాళ్లూ వినైల్ కటింగ్, ఫ్లెక్స్ డిజైన్ పనిలో ఉన్నా, కోరల్‌డ్రా బాగానే వచ్చు. ఇప్పుడు అక్షరాల బోర్డులు బయట కట్ చేయించకుండా మనమే చేద్దామని 1300 × 2500 ఎంఎం బెడ్ ఉన్న రౌటర్ (ఫైల్ ప్రకారం తిరిగే బిట్‌తో షీట్ కోసే మిషన్) తీసుకున్నా, డీఎస్‌పీ హ్యాండిల్‌తో (చేతిలో పట్టుకునే కంట్రోలర్) నడుస్తుంది. ఫోమ్ బోర్డు పర్లేదు, తెగుతోంది. 5 ఎంఎం అక్రిలిక్ పెడితే మాత్రం బిట్ వెనకాలే పొట్టు కరిగి మళ్ళీ అతుక్కుపోతోంది, అక్షరం షీట్ నుంచి ఊడి రావట్లేదు. 3 ఎంఎం బిట్, రెండు ఫ్లూట్లు (కోసే అంచులు), స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు) 24000 ఆర్‌పీఎం, ఫీడ్ (బిట్ ముందుకు కదిలే వేగం) నిమిషానికి 600 ఎంఎం. జాగ్రత్తగా పోదామని ఫీడ్ 400కి దించితే ఇంకా ఎక్కువ కరుగుతోంది. దీనితో పాటు అసలు కస్టమర్ పని పట్టుకునే ముందు ఏది ఏ వరసలో నేర్చుకోవాలో కూడా చెప్తే పుణ్యం ఉంటుంది.

పాతస్పిండిల్
తమ్ముడూ, నీ ప్రశ్నలోనే జవాబు ఉంది, ఫీడ్ దించితే ఎక్కువ కరిగింది అన్నావు కదా. రౌటర్‌లో నెమ్మదిగా పోవడం జాగ్రత్త కాదు. వేడి బయటికి పోయే దారి పొట్టు ఒక్కటే, ఒక్కో అంచు ఒక్కో చుట్టుకి కాస్త మందమైన ముక్క తీస్తేనే ఆ ముక్కతో పాటు వేడి వెళ్ళిపోతుంది, లేకపోతే బిట్ కొయ్యదు, రుద్దుతుంది.

లెక్క చాలా చిన్నది. ఫీడ్‌ని ఆర్‌పీఎంతో, ఫ్లూట్ల సంఖ్యతో భాగించు. నీది 600 భాగించు 24000, మళ్ళీ భాగించు 2, అంటే 0.0125 ఎంఎం, అది కోత కాదు రాపిడి. అక్రిలిక్‌కి 3 ఎంఎం బిట్‌తో 0.07 నుంచి 0.1 దగ్గర ఉండాలి. ఒకే ఫ్లూట్ ఉన్న బిట్ తీసుకో, లోపల గుండ్రంగా అద్దంలా పాలిష్ చేసి ఉంటుంది చూడు, ఓ ఫ్లూట్ అంటారు, ప్లాస్టిక్ కోసమే చేసింది. స్పిండిల్ 18000, ఫీడ్ 1800 పెట్టు, అప్పుడు సరిగ్గా 0.1 వస్తుంది. లోతు ఒక్క పాస్‌కి 2.5 దాటకుండా రెండు పాస్‌లలో దించు.

ఇంకోటి, షీట్ కాస్టా (అచ్చులో పోసింది) ఎక్స్‌ట్రూడెడా (మిషన్‌లోంచి నొక్కి తీసింది) కనుక్కో. ఎక్స్‌ట్రూడెడ్ తక్కువ వేడికే మెత్తబడి బిట్‌కి చుట్టుకుంటుంది, కాస్ట్ అయితే పొడి పొడిగా తునకలు రాలతాయి. అక్షరాలు కోయడానికి కాస్టే తీసుకో.

పొట్టుమూట
అన్న చెప్పింది కరెక్టే, ఒక్క మాట కలుపుతా. సెట్టింగ్ కరెక్టా కాదా అని మీటర్ చూడొద్దు, పొట్టుని చేతిలోకి తీసుకో (మిషన్ ఆపినాక). తునకలు తునకలుగా, చల్లగా ఉంటే మంచిగ పోతున్నట్టు. పిండి లెక్క ఉన్నా, తీగలు తీగలుగా సాగినా వేడెక్కుతుందని. చెవి కూడా పెట్టాలె, రుద్దేటప్పుడు సన్నగా కీచుమంటది, సరిగ్గా కోసేటప్పుడు మొద్దు శబ్దం ఒకే తీరుగ వస్తది. ఇంకా పొట్టు గాడిలో నుంచి బయటకు పోయేటట్టు ఎయిర్ పెట్టు, గాడిలోనే ఉంటే రెండో పాస్‌లో అదే పొట్టుని మళ్ళా కోస్తది, అప్పుడు ఎంత మంచి ఫీడ్ పెట్టినా కరుగుతది.

వెక్టర్అక్క
మీరంతా బిట్ దగ్గర మొదలుపెట్టారు గానీ బాబూ, నీకు కోరల్ వచ్చు అన్నావు కాబట్టి ఒక మాట చెప్తా, వినైల్‌కి పనికొచ్చిన ఫైల్ రౌటర్‌కి పనికిరాదు. వినైల్ కట్టర్‌లో బ్లేడ్‌కి మందం లేనట్టే లెక్క, రౌటర్‌లో బిట్‌కి మందం ఉంది. సాఫ్ట్‌వేర్ ఆ మందంలో సగం జరిపి దారి వేస్తుంది, అలా జరపాలంటే గీత మూసుకుని ఉండాలి. ఎక్కడైనా చిన్న ఖాళీ ఉన్నా ఆ అక్షరాన్ని వదిలేస్తుంది, లేదా గీత మీదే కోసేసి సన్నగా చేసేస్తుంది. అందుకే ఫైల్ రాగానే టెక్స్ట్‌ని కర్వ్స్ (గీతలుగా) చెయ్యి, అతివ్యాప్తి అయిన ఆకారాలు వెల్డ్ చెయ్యి (ఒకే ఆకారంగా కలుపు), ఒకదాని మీద ఒకటి పడిన డబుల్ లైన్లు తీసెయ్యి (డబుల్ లైన్ ఉంటే మిషన్ అదే దారిలో రెండుసార్లు పోతుంది, అంచు పాడవుతుంది, టైమ్ రెట్టింపు).

తెలుగు అక్షరాలకి ఇది ఇంకా ముఖ్యం. చాలా ఫాంట్లలో గుణింతం, ఒత్తు విడివిడి ఆకారాలుగా వస్తాయి, పైన తలకట్టు అక్షరాన్ని తాకుతున్నట్టు కనిపిస్తుంది కానీ జూమ్ చేస్తే వెంట్రుకంత ఖాళీ ఉంటుంది. అలాగే కోస్తే తలకట్టు ఒక ముక్క, అక్షరం ఒక ముక్క. క్రింద ఒత్తు ఎలాగూ విడిగానే ఉంటుంది, దాన్ని గోడకి విడిగా బిగిస్తావా, వెనక ఒక పలక పెట్టి దాని మీద అంటిస్తావా, సన్నటి వంతెనతో కలుపుతావా అనేది డిజైన్ దగ్గరే తేల్చుకోవాలి, కోశాక కాదు.

ఫోటో నుంచి ట్రేస్ చేసిన లోగో అయితే నోడ్స్ (గీత మీద బిందువులు) వందల్లో ఉంటాయి. మిషన్ ప్రతి నోడ్ దగ్గరా వేగం తగ్గించి మళ్ళీ అందుకుంటుంది, పాతస్పిండిల్ గారు చెప్పిన 1800 ఫీడ్ కాగితం మీదే మిగులుతుంది, అక్రిలిక్ అక్కడే కరుగుతుంది. కాబట్టి ట్రేస్ చేసినదాని మీద నువ్వు చేత్తో కొత్తగా గీసుకో, ఓపిక పట్టు, ఆ టైమ్ ఊరికే పోదు.

కొత్తరౌటర్
అక్కా నోడ్స్ సంగతి నాకు అస్సలు తట్టలేదు, నేను కరిగిన చోట్లు చూస్తే నిజంగానే వంపుల దగ్గరే ఎక్కువ ఉన్నాయి. పాతస్పిండిల్ అన్నా, సింగిల్ ఫ్లూట్ బిట్ తెప్పిస్తున్నా. ఇంకో డౌట్, డీఎస్‌పీలో జీరో (లోతు లెక్క మొదలయ్యే చోటు) మెటీరియల్ పైన తీసుకోవాలా బెడ్ మీద తీసుకోవాలా, ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

పాతస్పిండిల్
రెండూ కరెక్టే, పనిని బట్టి. చెక్కుడు పని, వీ కార్వింగ్ (వీ ఆకారం బిట్‌తో చెక్కడం), పైన గీత పని అయితే మెటీరియల్ పైనే జీరో, ఎందుకంటే అక్కడ పై నుంచి లోతు ముఖ్యం. షీట్ అడుగు దాకా పూర్తిగా కోసేటప్పుడు బెడ్ మీద జీరో. 5 ఎంఎం అని అమ్మే అక్రిలిక్ ఒక మూల 4.7 ఉంటుంది, ఇంకో మూల 5.2 ఉంటుంది, కాస్ట్ షీట్‌లో ఈ తేడా మామూలే. పైన జీరో పెట్టి 5 లోతు ఇస్తే ఒక చోట తెగదు, ఒక చోట బెడ్‌లోకి దిగుతుంది. బెడ్ జీరో అయితే అడుగున 0.2 కిందికి ఇస్తే చాలు, షీట్ మందం ఎంతున్నా తెగుతుంది.

అయితే దానికి ముందు బెడ్ మీద ఎండీఎఫ్ (కర్ర పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) బలిబోర్డు, అంటే బిట్ దిగినా పర్లేదని అడుగున పెట్టే పలక, వేసి, పెద్ద సర్ఫేసింగ్ బిట్‌తో మొత్తం ఒకసారి చదును చేసుకోవాలి. ఇది చేయకుండా ఏసీపీ (అల్యూమినియం రేకుల ప్యానెల్) జోలికి వెళ్ళొద్దు.

బోర్డుబాబు
నేను వేరే మాట చెప్తా, అందరూ ఒప్పుకోకపోవచ్చు. కొత్తవాళ్ళు ముందు ఎండీఎఫ్, ప్లైవుడ్ మీద కొన్ని నెలలు చెయ్యి తిప్పుకోవాలి. చవక, విరగదు, బిట్ కూడా బతుకుతుంది. అక్రిలిక్ మీద నేర్చుకోవడం అంటే నేర్చుకునే ప్రతి పాఠానికీ ఒక షీట్ పోతుంది.

పొట్టుమూట
బోర్డుబాబు అన్నా, నేను ఒప్పుకోను. ఎండీఎఫ్ తప్పు సెట్టింగ్‌ని కూడా ఓర్చుకుంటది, కొంచెం నల్లబడ్డా ఇసుక కాగితం వేస్తే పోతది, మనిషికి నేను నేర్చుకున్నా అనిపిస్తది, తీరా అక్రిలిక్ దగ్గరికి వచ్చేసరికి ఏమీ రాదు. ఏం అమ్మబోతున్నావో దాని తునక ముక్కల మీదనే నేర్చుకోవాలె. పెద్ద షీట్ అక్కర్లేదు, కటింగ్ షాపుల్లో మిగులు ముక్కలు దొరుకుతయి. ఒక ముక్క మీద పది చిన్న గాట్లు పెట్టు, స్పిండిల్ అదే ఉంచి ఫీడ్ మాత్రం 1000 నుంచి 200 చొప్పున పెంచుకుంటూ పో, ఒక్కోదాని పక్కన మార్కర్‌తో రాయి. అంచు ఎక్కడ మంచిగ వచ్చిందో కండ్లకే కనవడ్తది. ఆ ముక్కని పారెయ్యకు, గోడకి తగిలించు.

ఇంకోటి ఎండీఎఫ్ దుమ్ము గురించి ఎవరూ చెప్పలే. కర్ర దుమ్ము క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే ఐఏఆర్‌సీ 1995లోనే మొదటి గ్రూపులో పెట్టింది, ఎండీఎఫ్‌లో పైనుంచి ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటది. చవక అని రోజంతా ఎండీఎఫ్ కోసుకుంటూ మూతికి రుమాలు కట్టుకుంటే ఊపిరితిత్తులే పోతయి. డస్ట్ కలెక్టర్ ఉండాలె, సరైన మాస్కు ఉండాలె, ఈ రెండు లేకుంటే ఎండీఎఫ్ వద్దు.

బోర్డుబాబు
దుమ్ము సంగతి నిజమే, కాదనను. ఫీడ్ వేరు వేరుగా పెట్టి గాట్లు పెట్టే పద్ధతి కూడా బాగుంది. కానీ హ్యాండిల్ బటన్లు, హోమ్, జీరో, టూల్ మార్చడం లాంటివి చేతికి అలవాటయ్యే దాకా చవక మెటీరియలే మంచిదని ఇప్పటికీ అంటా, పోనీ ఎండీఎఫ్ బదులు ఫోమ్ బోర్డు అనుకుందాం.

పొట్టుమూట
ఫోమ్ బోర్డు అంటే సరే అన్నా.

అక్షరాలపని
ఫోమ్ బోర్డు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. అది పీవీసీ, రౌటర్ మీద ఎంతైనా కోసుకోండి, పక్కన లేజర్ మిషన్ ఉంది కదా అని దాంట్లో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, మనుషులకీ ప్రమాదమే, మిషన్ రైళ్ళు, అద్దాలు తుప్పు పట్టిపోతాయి. పారదర్శక అక్రిలిక్ అంచు మెరవాలంటే లేజరే బాగుంటుంది, ఏసీపీ, అల్యూమినియం, పీవీసీ, మందం చెక్క ఇవి రౌటర్ పని, అలా పంచుకోండి.

ఇక పట్టు గురించి. కొత్తరౌటర్ గారూ, మీ అక్షరాలు ఎంత సైజు? చిన్న అక్షరాలు అయితే ఆఖరి పాస్‌లో కదిలి బిట్‌కి తగిలి ఎగిరిపడతాయి, అక్షరం పోతుంది, బిట్ విరుగుతుంది, ఒక్కోసారి ముఖానికి వస్తుంది. వాక్యూమ్ బెడ్ ఉన్నా సరే, వాక్యూమ్ పట్టు ముక్క వైశాల్యం మీద ఆధారపడుతుంది, అరచేతి కంటే చిన్న ముక్కని అది గట్టిగా పట్టలేదు. ట్యాబ్‌లు (ముక్కని షీట్‌కి కలిపి ఉంచే చిన్న వంతెనలు) పెట్టండి, లేదంటే అడుగున 0.3 ఎంఎం పొర వదిలి అన్ని అక్షరాలూ కోసేసి చివర్లో ఆ పొరని ఒక్క సన్నటి పాస్‌లో తీసేయండి, అప్పుడు పక్కకి తోసే బలం చాలా తక్కువ ఉంటుంది. అక్షరం లోపలి రంధ్రాలు ముందు, బయటి గీత ఆఖరున. షీట్‌లో చిన్నవి ముందు, పెద్దవి తర్వాత.

అప్‌కట్ బిట్ పొట్టుని పైకి లాగుతుంది, దాంతో పాటు పల్చటి షీట్‌ని కూడా లేపుతుంది. డౌన్‌కట్ షీట్‌ని కిందికి అదుముతుంది, పై అంచు శుభ్రంగా వస్తుంది కానీ పొట్టు గాడిలోనే కుక్కుకుపోతుంది, ప్లాస్టిక్‌లో అది కరగడానికి దారి. ప్లైవుడ్‌కి రెండు వైపులా అంచు బాగుండాలంటే కంప్రెషన్ బిట్ (కింద అప్‌కట్, పైన డౌన్‌కట్ ఉండేది).

కొత్తరౌటర్
అక్షరాలు 80 నుంచి 300 ఎంఎం దాకా ఉంటాయండి. బిట్ వచ్చింది, 18000, 1800, రెండు పాస్‌లు పెట్టా, ఎయిర్ కూడా పెట్టా. ముక్క చేత్తో నొక్కగానే ఊడి వచ్చేసింది అన్నా! పొట్టు తునకలు తునకలుగా రాలింది. అంచు మీద సన్నటి గీతలు నిలువుగా కనిపిస్తున్నాయి, అది మామూలేనా?

పాతస్పిండిల్
సంతోషం. నిలువు గీతలు ఒకే దూరంలో వరుసగా ఉంటే బిట్ వణుకు. మూడు చోట్ల చూడు. మొదటిది కొలెట్ (స్పిండిల్‌లో బిట్‌ని పట్టుకునే బిగింపు), విప్పి లోపల, బయట శుభ్రం చెయ్యి, చిన్న పొట్టు రేణువు ఇరుక్కున్నా బిట్ వంకరగా తిరుగుతుంది. కొలెట్ అరిగే వస్తువు, నట్టు ఎంత బిగించినా వణుకు ఉందంటే మార్చెయ్యి. బిట్ షాంక్ (అంచులు లేని పై కాడ) కొలెట్ పొడవు నిండా లోపలికి ఉండాలి, కానీ ఫ్లూట్ మొదలయ్యే చోటు కొలెట్ లోపలికి పోకూడదు. 3.175 షాంక్‌ని 3 ఎంఎం కొలెట్‌లో కుక్కొద్దు, దానికి దాని కొలెట్ ఉంది. రెండోది బిట్ బయటికి ఎంత పొడుగు వచ్చింది అనేది, 5 ఎంఎం కోయడానికి 25 ఎంఎం కోత పొడవున్న బిట్ ఎందుకు, పొట్టిది వాడు. మూడోది షీట్ కింద ఖాళీ ఉండి గిలగిల కొట్టుకోవడం.

అంచు ఇంకా మెరుగవ్వాలంటే మొదట 0.2 ఎంఎం బయటికి వదిలి కోసి, తర్వాత పూర్తి లోతులో ఒక ఫినిషింగ్ పాస్ వెయ్యి. గడియారం దిక్కునా, అపసవ్యంగానా అనేది నీ షీట్ తునక మీద రెండూ చేసి చూసి నిర్ణయించుకో.

అక్షరాలపని
అంచుకి మంట పెట్టి మెరిపించే వాళ్ళు ఉంటారు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ అంచుని తర్వాత సాల్వెంట్ జిగురుతో అంటించాలనుకుంటే మంట పెట్టొద్దు, మంట వల్ల అంచులో ఒత్తిడి ఉండిపోతుంది, జిగురు తగలగానే జుట్టులాంటి పగుళ్ళు వస్తాయి. కొన్నిసార్లు అవి బోర్డు కస్టమర్ గోడ ఎక్కాక బయటపడతాయి.

నల్లబల్ల
మధ్యలో వస్తున్నా, నాది కూడా కొత్తే, నేను ఏసీపీ బాక్స్ టైప్ బోర్డులు చేయాలనుకుంటున్నా. మడత దగ్గర బయటి రేకు చిట్లుతోంది అని ఒకాయన అన్నారు, అది ఎందుకు వస్తుంది? ఇంకా వీ బిట్‌తో చెక్కలో అక్షరం చెక్కితే లోతు ఎలా లెక్క వేయాలి?

పాతస్పిండిల్
ఏసీపీ అంటే రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్. వెనక వైపు నుంచి 90 డిగ్రీల వీ బిట్‌తో గాడి తీస్తాం, కొన సూదిగా కాకుండా 2 నుంచి 3 ఎంఎం చదునుగా ఉండే బిట్. ముందు రేకు మీద 0.3 ఎంఎం దాకా ప్లాస్టిక్ మిగిలి ఉండాలి. అంత కంటే లోపలికి పోయి రేకుని గీరితే మడత దగ్గర చిట్లుతుంది, ఎక్కువ ప్లాస్టిక్ వదిలితే మడత గుండ్రంగా ఉబ్బుగా వస్తుంది. అంటే షీట్ పొడవంతా పది వంతుల మిల్లీమీటర్లలో లోతు ఒకేలా ఉండాలి, అందుకే బెడ్ చదును చేయకుండా ఏసీపీ జోలికి వెళ్ళొద్దు అని పైన అన్నా. ముందు ముఖం కిందికి పెట్టి కోస్తాం కాబట్టి బెడ్ మీద ఒక్క పొట్టు ముక్క ఉన్నా ముఖం మీద సొట్ట పడుతుంది, ప్రతి షీట్‌కి ముందు బెడ్ తుడువు.

ఏసీపీ ముఖానికి అంటించి ఉండే రక్షణ ఫిల్మ్ మీద బాణం గుర్తులు ఉంటాయి చూడు, మెటాలిక్ రంగుల్లో ఆ దిక్కు మారితే వెలుతురులో రంగు తేడా కొడుతుంది. షీట్ మిగలాలని ముక్కలు తిప్పి నెస్టింగ్ (ఖాళీ మిగలకుండా అమర్చడం) చేస్తే బోర్డు సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. సాఫ్ట్‌వేర్‌లో రొటేషన్ ఆపెయ్యి.

వెక్టర్అక్క
వీ బిట్ లెక్క నేను చెప్తా. 90 డిగ్రీల బిట్ అయితే గీత వెడల్పులో సగం లోతు. 60 డిగ్రీలది అయితే వెడల్పుని 0.87తో గుణించు. 20 ఎంఎం వెడల్పు గీతకి 90తో 10 ఎంఎం, 60తో 17 ఎంఎం దిగుతుంది, నీ చెక్క 12 అయితే 60 డిగ్రీల బిట్ అవతలికి వచ్చేస్తుంది. లావు అక్షరాలకి గరిష్ఠ లోతు పెట్టి అడుగు చదును చేయించు. సన్న అక్షరాలకి 60 డిగ్రీలే బాగుంటుంది, నీడ లోతుగా పడి అక్షరం చదవడానికి వస్తుంది. వీ కార్వింగ్‌కి జీరో పది వంతుల్లో తప్పినా అక్షరాలన్నీ లావో సన్నమో అయిపోతాయి.

కొత్తరౌటర్
ఒక షాపు వాళ్ళు ఏసీపీలో అక్షరాల ఆకారం కోసి, అందులోంచి 10 ఎంఎం అక్రిలిక్ అక్షరాలు బయటికి పొడుచుకొచ్చేలా, వెనక లైట్ పెట్టి అడుగుతున్నారు. ఒకే ఫైల్‌తో రెండూ కోశా, అక్షరం రంధ్రంలో దూరట్లేదు. ఎంత గ్యాప్ ఇవ్వాలి?

వెక్టర్అక్క
గ్యాప్ ఒక్కటే కాదు, మూలలు. గుండ్రటి బిట్ లోపలి మూలని మొనగా కోయలేదు, 3 ఎంఎం బిట్ అయితే 1.5 వ్యాసార్థంతో గుండ్రం వదులుతుంది. అక్షరం బయటి మూల మొనగా వస్తుంది, రంధ్రంలో అదే చోట గుండ్రం, ఎలా దూరుతుంది? అక్షరం లోపలి వంపుల్లో ఇది తిరగబడుతుంది. కాబట్టి అసలు వెక్టర్‌లోనే అన్ని మూలల్నీ, లోపలివీ బయటివీ, 1.6 వ్యాసార్థంతో గుండ్రం చెయ్యి, ఆ ఫైల్ నుంచి అక్షరం కొయ్యి, తర్వాత రంధ్రం కోసం 0.15 బయటికి ఆఫ్‌సెట్ తీసుకో. ముందు ఒక్క అక్షరం, ఎక్కువ మూలలు ఉన్నది, కోసి పెట్టి చూసుకో. బిట్ మీద 3 అని రాసి ఉన్నా 2.95 ఉండొచ్చు, కాలిపర్‌తో కొలిచి ఆ సంఖ్యే సాఫ్ట్‌వేర్‌లో పెట్టు. చదివే దూరం చూసి కూడా అక్షరం సైజు తేల్చు, 3 మీటర్ల దూరానికి 25 ఎంఎం ఎత్తు అనేది సైన్ పనిలో అందరూ వాడే లెక్క, 30 మీటర్ల నుంచి హాయిగా చదవాలంటే 250.

అక్షరాలపని
దానికి ఇంకోటి. అక్రిలిక్ ఎండకి పెరుగుతుంది, మీటరు పొడవుకి 30 డిగ్రీలు మారితే దాదాపు 2 ఎంఎం. అల్యూమినియం అందులో మూడో వంతే. అక్షరాలు విడివిడిగా ఉంటే 0.15 చాలు, అదే పొడుగాటి పట్టీ లాంటి ముక్క ఒకటే ఉంటే చాలదు, చివర్లలో ఎక్కువ వదలాలి. స్క్రూలతో బిగించే ప్యానెల్ అయితే మధ్యలో ఒక్క రంధ్రం మాత్రం సరిగ్గా స్క్రూ సైజు, మిగతావన్నీ పొడవు దిక్కుకి సాగిన గాళ్ళు కొయ్యండి, వాషర్ పెట్టి మరీ గట్టిగా బిగించకండి.

పొట్టుమూట
తమ్ముడూ కస్టమర్ పని అంటున్నవ్ కాబట్టి చెప్తున్నా, తిరిగే స్పిండిల్ దగ్గర చేతికి గ్లౌజులు వద్దు, చిక్కుకుంటే చెయ్యి లోపలికి లాగుతది. కండ్లద్దాలు, చెవులకి మఫ్‌లు తప్పనిసరి. మిషన్ నడుస్తుంటే టీ తాగడానికి బయటికి పోవద్దు, బిట్ రుద్దడం మొదలైతే నిప్పు రవ్వ డస్ట్ బ్యాగులోకి పోతది, అది లోపల నెమ్మదిగా రాజుకుంటది. సాయంత్రం షాపు మూసే ముందు బ్యాగు ఖాళీ చెయ్యి. అల్యూమినియం పొట్టు, కర్ర పొట్టు ఒకే బ్యాగులో కలపొద్దు.

కొత్తరౌటర్
మూలలు 1.6 గుండ్రం చేసి, బిట్ కొలిస్తే 2.96 వచ్చింది, అది పెట్టి "క్ష" ఒక్కటే కోశా. చేత్తో నొక్కితే కూర్చుంది, అటూ ఇటూ కదలట్లేదు. మిగతా అక్షరాలు రేపు కోస్తా. అక్షరం వెనక్కి జారకుండా ఎలా ఆపాలి, వెనక ఏదైనా అంటించాలా?

అక్షరాలపని
వెనక 3 ఎంఎం పాల తెలుపు అక్రిలిక్ పలక ఒక్కో అక్షరానికీ విడిగా పెట్టండి, అక్షరాన్ని దాని మీద సాల్వెంట్‌తో అంటించండి, పలకని ఏసీపీ వెనక స్టడ్‌లకి నట్లతో బిగించండి, స్టడ్ రంధ్రాలు పెద్దవి. అక్షరాలు ఏసీపీకి అంటించకూడదు, పలకతో కలిసి అవి కదలాలి. అంటించేటప్పుడు ఏసీపీనే అచ్చుగా వాడుకుంటే అక్షరాల వరస తప్పదు, ఏసీపీ ముఖం మీది ఫిల్మ్ మాత్రం తియ్యకండి.